ఆకలి తగ్గించే మందును ఏ ఎలుకలో పరీక్షించాలి: పరిశోధనలో చేరిన అన్న కూతురికి లేఖ

చిరంజీవి శ్రావణికి బాబాయి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మీ ప్రయోగశాలలో తయారైన కొత్త మందు చిట్టెలుకల్లో ఒక్క రాత్రిలోనే తిండిని బాగా తగ్గించిందనీ, ఇప్పుడు దాన్ని పెద్ద ఎలుకల్లో పరీక్షించమని మీ గైడ్ చెప్పారనీ, మోతాదు ఎంత వేయాలో తేలడం లేదనీ రాశావు. మోతాదు లెక్క చిన్నదే, దాన్ని కింద చెబుతాను. అంతకంటే ముందు తేల్చుకోవలసింది ఇంకొకటి ఉంది. ఈ మందు ఏ దారిలో ఆకలిని తగ్గిస్తోంది, ఆ దారి నువ్వు ఎంచుకున్న జంతువులో ఉందా, ఉంటే మనిషిలో ఉన్నట్టే ఉందా అన్నది తెలియకుండా బోను తలుపు తీయవద్దు. చిట్టెలుక, ఎలుక, హ్యామ్‌స్టర్, గినీ పిగ్ అన్నీ కొరికి తినే జాతులే అయినా, తిండి విషయంలో వాటి శరీరాలు వేరువేరు కట్టుబాట్లతో నడుస్తాయి. బోను చిన్నది, మందు తక్కువ ఖర్చవుతుంది అనే కారణంతో చిట్టెలుకను ఎంచుకునే అలవాటు మన దేశంలో బలంగా ఉంది. అది బడ్జెట్‌కు సంబంధించిన కారణమే తప్ప శాస్త్రానికి సంబంధించినది కాదు.

మొదట రిసెప్టర్ సంగతి, అంటే మందు గానీ హార్మోన్ గానీ వచ్చి అతుక్కునే కణం మీది ప్రొటీన్ సంగతి, చూడు. సెమాగ్లూటైడ్ వంటి పెప్టైడ్ మందులు ఎలుకల్లోనూ చిట్టెలుకల్లోనూ చక్కగా పనిచేస్తాయి. అవి పనిచేసే, పేగు హార్మోన్ జీఎల్‌పీ-1కు చెందిన అదే రిసెప్టర్ మీద మాత్రల రూపంలో పనిచేయడానికి తయారైన చిన్న అణువులు, అంటే డానుగ్లిప్రాన్, ఆర్ఫోగ్లిప్రాన్ వంటివి, మామూలు ఎలుకలకు ఎంత ఇచ్చినా తిండి మీద ఆశించిన ప్రభావం కనిపించదు. మనిషి రిసెప్టర్‌లో 33వ స్థానంలో ట్రిప్టోఫాన్ ఉంటే, ఎలుకలోనూ చిట్టెలుకలోనూ అక్కడ సెరీన్ ఉండటమే దానికి కారణం. వందల అమైనో ఆమ్లాల గొలుసులో ఒక్కటి మారడంతో మందు అతుక్కునే చోటు లేకుండా పోయింది. అందుకే ఆ మందులను కోతుల్లోనూ, మనిషి రిసెప్టర్ జన్యువును చొప్పించిన చిట్టెలుకల్లోనూ పరీక్షించవలసి వచ్చింది. ఎవరైనా ఈ విషయం చూసుకోకుండా మామూలు ఎలుకల గుంపు మీద ప్రయోగం చేసి ఉంటే, మంచి అణువును పనికిరానిదని పక్కన పడేసేవారు. డానుగ్లిప్రాన్‌ను 2025లో ఆపేశారు గానీ, అది కాలేయ భద్రతకు సంబంధించిన వేరే కథ.

మెదడులో సంకేతాలు మోసే సెరొటోనిన్ వైపు వెళితే ఇలాంటిదే మరొకటి కనిపిస్తుంది. సెరొటోనిన్ 1బి రిసెప్టర్‌లో మనిషికి త్రియోనిన్ ఉన్నచోట ఎలుకకూ చిట్టెలుకకూ ఆస్పరాజిన్ ఉంటుంది. ఆ ఒక్క మార్పు వల్ల ప్రొప్రనలాల్, పిండలాల్ వంటి బీటా బ్లాకర్లు (రక్తపోటుకు, గుండెకు వాడే మందులు) ఎలుక రిసెప్టర్‌కు గట్టిగా అతుక్కుంటాయి, మనిషి రిసెప్టర్‌ను పెద్దగా పట్టించుకోవు. గినీ పిగ్ మాత్రం ఈ విషయంలో మనిషి పక్షానే నిలుస్తుంది. ఈ తేడా ఎంత పెద్దదంటే, కొంతకాలం పాటు ఎలుకలో ఉన్నదీ గినీ పిగ్‌లో ఉన్నదీ రెండు వేర్వేరు రిసెప్టర్లని శాస్త్రజ్ఞులు భావించారు. ఈ రిసెప్టర్ లేకుండా చేసిన చిట్టెలుకల్లో ఆకలి తగ్గించే మందు ఫెన్‌ఫ్లూరమైన్ తిండిని తగ్గించలేకపోయిందని 1998లో తేలింది కనుక, ఇది మన విషయానికి దూరమైన సంగతి కాదు. మీ మందుకు సెరొటోనిన్‌తో ఏ కొంచెం సంబంధం ఉన్నా గినీ పిగ్ రిసెప్టర్ మీద కణాల స్థాయిలో ఒకసారి పరీక్షించి చూడు. ఇక ఆకలిని పెంచే మెలనిన్ కాన్సెంట్రేటింగ్ హార్మోన్‌కు మనిషిలో రెండు రిసెప్టర్లు ఉంటే, ఎలుక, చిట్టెలుక, హ్యామ్‌స్టర్, గినీ పిగ్‌లలో రెండోది పనిచేసే రూపంలో లేనే లేదు. ఆ దారిలో మందు చేసేవాళ్ళు ఎలుకల ఫలితం చూసి సంబరపడటానికి అవకాశం తక్కువ.

రిసెప్టర్ ఒకటే అయినా, అది మెదడులో ఎక్కడ ఉందన్నది కూడా ముఖ్యమే. ఇందుకు కోలిసిస్టోకైనిన్ కంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు. పేగు నుంచి వెలువడే ఈ హార్మోన్‌ను ఎక్కిస్తే ఎలుకలు తొందరగా భోజనం ముగిస్తాయని గిబ్స్, యంగ్, స్మిత్ 1973లో చూపించారు. దీని మొదటి రకం రిసెప్టర్ పుట్టుకతోనే లేని ఎలుకల జాతి ఒకటి జపాన్‌లో బయటపడింది. ఓఎల్‌ఈటీఎఫ్ అని పిలిచే ఆ ఎలుకలు అతిగా తింటాయి, బాగా లావెక్కుతాయి, పోను పోను వాటికి మధుమేహం కూడా వస్తుంది. అదే రిసెప్టర్‌ను జన్యుమార్పిడితో తీసేసిన చిట్టెలుకలు ఒక్కో పూట ఎక్కువ తింటాయి గానీ, పూటల సంఖ్య తగ్గించుకుని మొత్తం మీద లెక్క సరిచేసుకుంటాయి, బరువు మామూలుగానే ఉంటుంది. ఒకే లోపానికి రెండు జాతుల్లో రెండు ఫలితాలు ఎందుకు వచ్చాయని మోరన్ బృందం వెదికి, 2004లో జవాబు చెప్పింది. ఎలుకలో ఈ రిసెప్టర్ మెదడులో ఆకలిని నడిపే హైపోథాలమస్‌లోని డార్సోమీడియల్ భాగంలో ఉండి, ఆకలిని రేపే న్యూరోపెప్టైడ్-వైని అదుపులో ఉంచుతుంది. చిట్టెలుకలో ఆ చోట ఆ రిసెప్టర్ లేదు. అంటే ఈ హార్మోన్ చిట్టెలుకలో పూట ముగింపుకే పరిమితమైతే, ఎలుకలో దీర్ఘకాలపు బరువుకు కూడా కాపలా కాస్తుంది. నీ మందు ఒక్క రాత్రి తిండిని తగ్గించిందన్న మాటకు ఎంత విలువ ఇవ్వాలో ఇక్కడే తెలుస్తుంది. పూట పరిమాణం తగ్గిందా, పూటల సంఖ్య తగ్గిందా, నాలుగు రోజుల మొత్తం తగ్గిందా అన్నవి మూడు వేరువేరు కొలతలు, మూడింటినీ రాసుకోవాలి. కోలిసిస్టోకైనిన్‌ను ప్రతి భోజనం మొదట్లో ఇచ్చుకుంటూ పోయినప్పుడు ఎలుకలు చిన్నచిన్న పూటలుగా ఎక్కువసార్లు తిని తమ లెక్క తాము పూడ్చుకున్నాయని 1984లోనే చూశారు.

ఇప్పుడు నువ్వు అడిగిన మోతాదు. శరీర ఉపరితలాన్ని బట్టి లెక్కించే పద్ధతిలో చిట్టెలుక గుణకం 3, హ్యామ్‌స్టర్‌ది 5, ఎలుకది 6, గినీ పిగ్‌ది 8, మనిషిది 37. చిట్టెలుకకు కిలోకు 10 మిల్లీగ్రాములు వేసి ఉంటే, దాన్ని 3తో హెచ్చించి 6తో భాగించి, ఎలుకకు కిలోకు 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టడం సబబు. పెద్ద జంతువు కదా అని కిలో లెక్కన అదే 10 వేస్తే రెట్టింపు వేసినట్టే. అయితే ఈ గుణకాలు శరీర పరిమాణాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకుంటాయి. కాలేయం మందును ఎలా విరుస్తుందో వాటికి తెలియదు. ఒకప్పుడు సన్నబడటానికి విరివిగా వాడిన ఆంఫెటమైన్‌నే తీసుకో. ఎలుక దాని వలయానికి హైడ్రాక్సిల్ తగిలించి బయటికి పంపిస్తుంది. గినీ పిగ్ ఆ పని దాదాపు చేయదు, పక్క గొలుసును తెగ్గొట్టి బెంజాయిక్ ఆమ్లంగా మారుస్తుంది. చిట్టెలుక రెండు దారులూ వాడుతుంది. మనిషి గణనీయమైన భాగాన్ని మారకుండానే మూత్రంలో వదులుతాడు. ఎలుకలో తయారయ్యే హైడ్రాక్సిల్ ఉత్పత్తులు కూడా నరాల చివళ్ళలో చేరి తమ పని తాము చేస్తాయి కనుక, ఎలుకలో చూసిన ప్రభావంలో ఎంత భాగం అసలు మందుది, ఎంత భాగం దాని సంతానానిది అని విడదీయడం కష్టం. ఫెన్‌ఫ్లూరమైన్‌లోనూ ఇదే చిక్కు ఉంది. అది శరీరంలో నార్‌ఫెన్‌ఫ్లూరమైన్‌గా మారుతుంది, ఆ రెండింటి నిష్పత్తి జాతిని బట్టి మారుతుంది. అందుకని మోతాదు పట్టిక రాసేటప్పుడు, తిండి కొలిచే జంతువుల గుంపుకు తోడు రక్తం తీయడానికి చిన్న గుంపు ఒకదాన్ని తప్పక పెట్టుకో. జీఎల్‌పీ-1 మందు లిరాగ్లూటైడ్ మనిషిలో సుమారు 13 గంటల అర్ధజీవితంతో (రక్తంలో మందు సగానికి తగ్గే సమయం) రోజుకొక్కసారి సరిపోతుంది, ఎలుకలో అంతకంటే చాలా త్వరగా తగ్గిపోతుంది. రక్తంలో మందు ఎంత ఉందో తెలియకుండా, పని చేయలేదని ఎవరు రాసినా నేను నమ్మను.

హ్యామ్‌స్టర్ల విషయం కొంచెం విడిగా చెప్పాలి, ఎందుకంటే ఆకలి మీద ఆలోచించేవాళ్ళందరికీ అవి కళ్ళు తెరిపిస్తాయి. ఎలుకను ఒక రోజు పస్తు పెట్టి మేత వేస్తే కోల్పోయినదాన్ని పూడ్చుకునేలా తింటుంది, మన ప్రయోగాల్లో సగం ఈ అలవాటు మీదే ఆధారపడ్డాయి. సిరియన్ హ్యామ్‌స్టర్‌ను అదే రీతిలో పస్తు పెడితే మామూలు రోజుకంటే ఎక్కువేమీ తినదు. కరువు భయం పట్టిన రైతు ముందు గాదె నింపుకున్నట్టు, హ్యామ్‌స్టర్ జాతులు ఆకలికి తినడం కంటే దాచుకోవడంతో జవాబు చెబుతాయి. సైబీరియన్ హ్యామ్‌స్టర్‌లో ఘ్రెలిన్, న్యూరోపెప్టైడ్-వై వంటి ఆకలి సంకేతాలు కూడా మేత మోసుకొచ్చి పోగుచేయడాన్ని ఎక్కువగా పెంచుతాయి. గ్లూకోజ్ వాడకాన్ని అడ్డగించే డీఆక్సీగ్లూకోజ్ ఇస్తే ఎలుక వెంటనే తింటుంది, సిరియన్ హ్యామ్‌స్టర్ తినదు. నల్లమందు వంటి ఓపియాయిడ్ల పనిని అడ్డుకునే నాలొక్సోన్ ఎలుకలో తిండిని తగ్గిస్తుంది గానీ, హ్యామ్‌స్టర్‌లో నీళ్ళు తాగడాన్ని తగ్గించి తిండిని మాత్రం దాదాపు అలాగే వదిలేస్తుంది. కాబట్టి పస్తు తర్వాత ఒక గంటలో తిన్న మేత అనే కొలతను హ్యామ్‌స్టర్ మీద వాడితే, మందు ఉన్నా లేకపోయినా నీకు తెలిసేది శూన్యం. అక్కడ గూట్లో దాచిన గింజల లెక్క తీసుకోవాలి.

సైబీరియన్ హ్యామ్‌స్టర్‌లో కాలం కూడా ఒక ముఖ్యపాత్ర. వెలుగు గంటలు తగ్గితే అది తనంతట తానే తిండి తగ్గించుకుని, కొన్ని వారాల్లో బరువులో మూడో వంతు దాకా దిగుతుంది. సిరియన్ హ్యామ్‌స్టర్ అదే చిన్న పగళ్ళలో లావెక్కుతుంది. సైబీరియన్ జాతిలో కొవ్వు కణాలు విడుదల చేసే, ఆకలిని తగ్గించే హార్మోన్ లెప్టిన్ చిన్న పగళ్ళలో బాగా పనిచేస్తుంది, పెద్ద పగళ్ళలో చాలా తక్కువ పనిచేస్తుంది. అదే జంతువు, అదే హార్మోన్, అదే మోతాదు, మారింది గదిలో దీపం ఆరిన గంట మాత్రమే. మీ జంతుగృహంలో కరెంటు పోయినప్పుడు టైమర్ గతి తప్పుతుందో లేదో కనుక్కున్నావా? మన ఊళ్ళలో ఇది అడగవలసిన ప్రశ్నే.

లెప్టిన్ పేరు వచ్చింది కనుక జాతిలోని వంగడాల గురించి కూడా రెండు మాటలు. లెప్టిన్ తయారుచేసుకోలేని ఓబీ చిట్టెలుకలు 1949లో అమెరికాలోని జాక్సన్ ప్రయోగశాలలో బయటపడ్డాయి. ఆ జన్యువును ఫ్రీడ్‌మన్ బృందం 1994లో పట్టుకుంది. ఆ చిట్టెలుకలకు లెప్టిన్ ఎక్కిస్తే తిండి తగ్గి, కొవ్వు కరిగి, మామూలు రూపానికి వచ్చాయి. రిసెప్టర్ చెడిన డీబీ చిట్టెలుకకూ జుకర్ ఎలుకకూ అదే హార్మోన్‌తో ఆ ఫలితం రాలేదు. లావుగా ఉన్న మనుషుల్లో చాలామందికి రక్తంలో లెప్టిన్ ఎక్కువగానే ఉంటుంది కాబట్టి, ఓబీ చిట్టెలుకను చూసి పెట్టుకున్న ఆశలు వాళ్ళలో నెరవేరలేదు. మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థలోని విస్టార్ సంతతి నుంచి వచ్చిన డబ్ల్యూఎన్ఐఎన్/ఓబీ అనే లావు ఎలుకలు కూడా లెప్టిన్ ఎక్కువగా ఉండి, దాని మాట వినని రకమే. మీ అణువు లెప్టిన్ దారిని దాటి కింద పనిచేస్తుందని మీ గైడ్ నమ్మకమైతే, మామూలు ఎలుకల తర్వాత వీటిలో పరీక్షించే అవకాశం గురించి ఆ సంస్థను అడగడం మంచి ఆలోచన.

ఇక అన్నిటికంటే ఎక్కువమంది జారిపడే చోటు వికారం. ఎలుకలు గానీ, చిట్టెలుకలు గానీ, గినీ పిగ్‌లు గానీ వాంతి చేసుకోవు. కొరికి తినే జాతులకు వాంతిని నడిపించే మెదడు కాండపు ఏర్పాటే లేదని పలు జాతులను పరీక్షించి 2013లో చెప్పారు. కడుపులో తిప్పుతున్న ఎలుక మౌనంగా మేత మానేస్తుంది, మనం దాన్ని తృప్తి అని రాసుకుంటాం. దీన్ని విడదీయడానికి పాతదైనా నమ్మదగిన ఉపాయం ఒకటి ఉంది. వికారం కలిగిన ఎలుక కేయోలిన్ అనే తెల్ల బంకమన్నును తింటుంది, కాబట్టి మేత పక్కనే తూచిన కేయోలిన్ ఉండలు పెట్టి ఎంత తగ్గిందో చూడవచ్చు. చిట్టెలుకల్లో ఈ మట్టి తినే అలవాటు నిలకడగా కనిపించదు. సిరియన్ హ్యామ్‌స్టర్లలో కనిపించదనే అంటారు. మీ మందును ఎలుకలోకి తీసుకెళ్ళడానికి నేను చెప్పగల గట్టి కారణం ఇదే. మీ చిట్టెలుకల ఫలితంలో వికారం వాటా ఎంతో ఎలుకే చెప్పగలదు. ఇంకా అనుమానం మిగిలితే వాంతి చేసుకోగల జంతువుగా ఇంటి చుంచును, అంటే సన్‌కస్ మురైనస్‌ను, వాడతారు. అది ఎలుకలా కనిపించినా కొరికి తినే జాతికి చెందదు. జీడీఎఫ్-15 అనే హార్మోన్ ఎలుకల్లో కేయోలిన్ తినడాన్ని పెంచిందనీ, చుంచుల్లో వాంతులు తెప్పించిందనీ చూపించినప్పుడు, ఆ హార్మోన్ తిండిని ఎందుకు తగ్గిస్తుందో అర్థం చేసుకునే తీరే మారింది.

జంతువుతో నువ్వు మెలిగే తీరు కూడా ఫలితంలో ఉంటుంది. పెప్టైడ్ వైవై 3-36 అనే పేగు హార్మోన్ తిండిని తగ్గిస్తుందని 2002లో ప్రకటించినప్పుడు అనేక ప్రయోగశాలలు దాన్ని తిరిగి చూడలేకపోయాయి, 2004లో ఆ సంగతిని కలిసి ప్రచురించాయి. జంతువులను ఇంజెక్షన్‌కూ చేతికీ అలవాటు చేశారా లేదా అన్నది ఆ వాదంలో ముఖ్యాంశమైంది, ఎందుకంటే బెదిరిన జంతువు ముందే తిండి తగ్గించి ఉంటే మందు ఇంకా తగ్గించడానికి ఏమీ మిగలదు. కనీసం ఒక వారం ఉత్త సెలైన్ ఎక్కించి అలవాటు చేయి. చిట్టెలుక ఎలుకకంటే ఎక్కువ బెదురుతుంది. అది రోజుకు 3 నుంచి 5 గ్రాములు మాత్రమే తింటుంది కనుక, అర గ్రాము పొడి బోనులో రాలినా అది పదో వంతు లేదా అంతకు మించిన తప్పు. రాలిన పొడిని జల్లించి తూచనివాళ్ళ అంకెలు వట్టి అలంకారం.

వేడిమి సంగతి కూడా మరవకు. చిట్టెలుకకు హాయిగా ఉండేది సుమారు 30 డిగ్రీలు, మనం దాన్ని ఉంచేది 22 దగ్గర. అందువల్ల అది తినేదానిలో పెద్ద భాగం ఒళ్ళు వెచ్చబెట్టుకోవడానికే పోతుంది. ఆ చల్లదనంలో పస్తు పెడితే ఒళ్ళు చల్లబరుచుకుని జడత్వంలోకి జారుతుంది, ఎలుక అలా జారదు. మీ మందు శరీర ఉష్ణోగ్రతను తగ్గించే రకమైతే చిట్టెలుకలో తిండి తగ్గడం దాని వెంట వచ్చిన ఫలితమే కావచ్చు. కాబట్టి ఉష్ణోగ్రత కొలత తప్పనిసరి. గినీ పిగ్‌ను మాత్రం దీర్ఘంగా పస్తు పెట్టవద్దు, దాని శరీరం తట్టుకోదు. పైగా అది ఎలుకలా రాత్రికి పరిమితం కాకుండా పగలూ రాత్రీ తింటుంది. ఆడ ఎలుకలను తీసుకుంటే నాలుగైదు రోజులకొకసారి వచ్చే ఋతుచక్రంలో ఒక రాత్రి తిండి దానంతటదే తగ్గుతుంది, ఆ రాత్రే మందు పడితే దాని ఘనత మందుకు పోతుంది.

భద్రత గురించి క్లుప్తంగా చెబుతాను. ఫెన్‌ఫ్లూరమైన్ గుండె కవాటాలను దెబ్బతీస్తుందని 1997లో రోగుల్లోనే గుర్తించారు, అదే ఏడు మందును వెనక్కి తీసుకున్నారు. ఆకలి తగ్గించే మందు రిమోనబాంట్ 2006లో యూరప్‌లో వచ్చి, కుంగుబాటు వంటి మానసిక దుష్ఫలితాల వల్ల 2008లో ఆగిపోయింది. ఎలుక బోనులో కూర్చుని తన దిగులు చెప్పదు. అలాంటిదే మరో మందు లోర్కాసెరిన్ ఎలుకల్లో కణుతులు పెంచింది, చిట్టెలుకల్లో అలా పెంచలేదు. ఆ ఎలుకల కణుతులు 2010లో అమెరికా నియంత్రణ సంస్థ అనుమతి నిరాకరించడానికి ఒక కారణం. 2012లో అనుమతి దక్కినా, రోగుల్లో క్యాన్సర్ల లెక్క చూసి 2020లో వెనక్కి తీసుకోమన్నారు. జీఎల్‌పీ-1 మందులు ఎలుకల్లోనూ చిట్టెలుకల్లోనూ థైరాయిడ్ సి-కణాల కణుతులు తెప్పిస్తాయి. మనిషి సి-కణాల్లో ఆ రిసెప్టర్ చాలా తక్కువ కాబట్టి మందులు కొనసాగుతున్నాయి, పెట్టె మీద హెచ్చరిక మాత్రం ఉంటుంది. ఇందులో ఏ జాతి చెప్పినది వినాలో ముందుగా చెప్పే సూత్రం లేదు. రిసెప్టర్ ఎక్కడుంది, మందు అక్కడికి ఎంత చేరుతోంది అన్న రెండు లెక్కలూ చూసుకుని తీర్పు చెప్పుకోవాలి.

నువ్వు ఇప్పుడు చేయవలసిన పని ఇది. మీ అణువు పనిచేసే రిసెప్టర్ తాలూకు అమైనో ఆమ్లాల వరుసను మనిషి, ఎలుక, చిట్టెలుక, గినీ పిగ్‌లలో పక్కపక్కన పెట్టి చూడు, మందు అతుక్కునే చోట తేడా ఉంటే గుర్తు పెట్టు. తర్వాత ఎలుక కాలేయ కణాల్లోనూ మనిషి కాలేయ కణాల్లోనూ మందు ఎలా విరుగుతోందో చూపే ఒక చిన్న పరీక్ష చేయించు. ఈ రెండూ చేతికి వచ్చాకే జంతు నైతిక సంఘానికి దరఖాస్తు రాయి. ఈ జాతిని ఎందుకు ఎంచుకున్నారన్న గడి దగ్గర చాలామంది ఒక వాక్యంతో సరిపెడతారు, నువ్వు ఆ రెండు ఫలితాలనూ అక్కడ రాయి. ఎలుకల్లో కిలోకు 1.5, 5, 15 మిల్లీగ్రాముల మూడు మోతాదులు, ఒక సెలైన్ గుంపు, కేయోలిన్ ఉండలు, నాలుగు రోజుల పాటు పూటల వారీ కొలత, రక్తం తీయడానికి విడి గుంపు పెట్టుకుంటే మొదటి విడతకు చాలు. దరఖాస్తు చిత్తు ప్రతిని సంఘానికి ఇచ్చే ముందు నాకు పంపు, ఎర్ర పెన్ను సిద్ధంగా ఉంచుతాను.

ఇట్లు,
మీ బాబాయి